బిరడా కదలలేదు, తీగ జారింది

కంట్లో శుక్లం తీయించుకుని ఇంటికి వచ్చిన మూడో రోజున నాన్న మాండలిన్‌ను ఒళ్లో పెట్టుకుని శ్రుతి చేశాను. పావుగంట తర్వాత మీటితే సన్నతీగల జంట దిగిపోయి ఉంది. సరిచేశాను. మళ్లీ దిగింది. ఆ రోజు నోటుబుక్కులో ఇలా రాసుకున్నాను: "బుధవారం. పది గంటలకు శ్రుతి పెట్టాను. పదింబావుకు లేదు. మధ్యాహ్నం లోపల తొమ్మిది సార్లు."

నాకు ముందుగా గుర్తొచ్చింది తమ్ముడే.

దానికి కారణం ఉంది. ఆపరేషను, ఆ తర్వాత కూతురి ఇంట్లో విశ్రాంతి, అన్నీ కలిపి పదకొండు రోజులు చాంద్రాయణగుట్టలోని మా ఇంటికి తాళం వేశాను. తాళం వేసిన ఇంట్లో మాండలిన్ పెట్టడం ఇష్టం లేక మాదన్నపేటలో తమ్ముడి దగ్గర వదిలాను. తిరిగి తెచ్చుకునేటప్పుడు చూస్తే పాత తీగలు లేవు, ఎనిమిదీ కొత్తవి.

"పాతయి తుప్పు పట్టినయక్కా. కొత్తయి పడ్డయి" అన్నాడు.

"ఎవరితోటి ఏయించినవు?"

"ఎవరైతేంది? పలుకుతదో లేదో చూస్కో" అని నవ్వి లోపలికి వెళ్లాడు.

అడిగిన మాటకు జవాబు చెప్పకుండా నవ్వేవాళ్లను నేను నమ్మను. పైగా నాన్న పోయేముందు దారాల దుకాణం వాడికి, మాండలిన్ నాకు అన్నాడు. అప్పుడు వాడు ఏమీ అనలేదు. అనకపోవడం కూడా నేను గుర్తుపెట్టుకున్నాను.

అయినా తొందరపడి ఎవరినీ అనకూడదని పరీక్ష మొదలుపెట్టాను. మా వీధి చివర ఫ్లైఓవర్ ఉంది, బస్సుల అదురు వల్లనేమో అనుకున్నాను. కానీ ఆ అదురు ఎన్నో ఏళ్లుగా ఉంది, తీగలు ఎప్పుడూ దిగలేదు. అది కొట్టేశాను. తర్వాత తీగను బిగించే ప్రతి బిరడా పక్కన పెన్సిలుతో సన్నని గీత పెట్టాను. బిరడా వెనక్కి తిరిగితే గీత తప్పుతుంది. గురువారం నాలుగుసార్లు చూశాను. ఒక్క గీతా తప్పలేదు. తీగలు మాత్రం దిగుతూనే ఉన్నాయి. బిరడా కదలకుండా తీగ జారిందంటే, తీగ చుట్టుకునే ఇత్తడి కడ్డీలే మారి ఉండాలి. నాన్న కాలపు గట్టి ఇత్తడి తీసేసి ఏదో నున్నటి చవకరకం బిగించి ఉంటారు. పాత వాద్యాల భాగాలు విడిగా అమ్ముడుపోతాయని నేను ఎక్కడో విన్నాను. మరదలు ఒకసారి "ఆ పాత పెట్టె ఇంక దేనికి వదినా" అన్నది కూడా గుర్తొచ్చింది. అదీ రాసుకున్నాను.

ఆ సాయంత్రమే తమ్ముడు ఫోన్ చేశాడు. వచ్చే వారం శుక్రవారం నాన్న తద్దినం. ప్రతి ఏడూ వాడి ఇంట్లోనే పెడతాడు. భోజనాలయ్యాక నాన్న రోజూ దుకాణం మూసేముందు వాయించే పాటను నేను వాయిస్తాను. అది విన్నాకే ఇంట్లోవాళ్లు విస్తళ్లు తీస్తారు. ఇది మా ఇంటి పద్ధతి, ఒక్క ఏడూ తప్పలేదు.

"పొద్దుగాల్నే వస్తవు గదా అక్కా? మాండలిన్ మరువకు."

"ముందు దాని బిరడాలు మార్చిందెవరో చెప్పు."

"ఏం బిరడాలు?"

"నీకే తెల్వాలె."

వాళ్లింట్లో కుక్కరు కూసింది, దాని మీదుగా వాడు గొంతు పెంచాడు.

"నా మీద దొంగతనం మోపుతున్నవా అక్కా?"

"మోపుతలేను. అడుగుతున్న."

"గట్లనిపిస్తే రాకు."

"రాను" అన్నాను.

నాకున్న తోబుట్టువు వాడొక్కడే. అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. సాక్ష్యం చేతికొస్తే వెనక్కి తీసుకునే పని కూడా ఉండదు.

సోమవారం ఆటో ఎక్కి పురానాపూల్ వెళ్లాను. అక్కడ హార్మోనియంలు, సితార్లు బాగుచేసే ముసలాయన ఒకాయన ఉన్నాడు. నాన్న కూడా ఆయన తండ్రి దగ్గరికే వెళ్లేవాడు. అంత మాత్రాన ఈయనను నమ్మాలని లేదు కదా. మాండలిన్‌ను గల్లా మీద పెట్టాను కానీ చెయ్యి తీయలేదు.

"ఇడ్సిపో అమ్మా. రేపు పగటీలి జొహర్ నమాజుకు తయారుంటది" అన్నాడు.

"ఇడ్సిపోను భాయ్. ఇక్కడ్నే కూసుంటా. నా ముంగటే ఇప్పు. పార్టులు మార్చిన్రని తేలితే కాయితం మీద రాసియ్యాలె."

ఆయన కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు. "పోలీసోళ్ల ఇంట్ల పుట్టినవా అమ్మా?"

"దారాల దుకాణపాయన ఇంట్ల."

"అయితే గజంతోటి కొలుస్తవు. కూసో, కూసో."

స్టూలు జరుపుకుని ఆయన చేతులు కనబడేలా కూర్చున్నాను. బిరడాలున్న రేకులు రెండు, వాటికి స్క్రూలు పది. ఒక్కొక్కటి తీసి పళ్లెంలో వేస్తుంటే లెక్కపెట్టాను. తొమ్మిదే ఉన్నాయి.

"పదోది ఏది?"

"నీ కొంగు మీద చూడమ్మా."

కొంగు మడతలోనే ఉంది. తీసి పళ్లెంలో వేశాను. ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు.

రేకు ఎత్తి కింద చెక్కను చూపించాడు. రేకు ఆకారంలోనే చెక్క మీద లేతరంగు మచ్చ ఉంది. చుట్టూ నల్లబడిన చెక్క, మధ్యలో ఆ మచ్చ. రేకును మళ్లీ పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. "ఇవి మారలే. ఎన్నేండ్ల సందో గిట్లనే ఉన్నయి. కడ్డీలు గూడ అవే" అన్నాడు.

మరి తీగెందుకు జారుతోందని అడగబోతుంటే ఆయన ఒక తీగ చుట్టు వదులుచేసి ఆగిపోయాడు.

"వారెవ్వా! ఈ చుట్టు నువ్వే ఏసినవా?"

వంగి చూశాను. తీగ కొస కడ్డీ చిల్లులోంచి వచ్చి, వెనక్కి మళ్లి, మొదటి చుట్టు కింద దూరి, ఆ చుట్టే దాన్ని నొక్కిపట్టేలా ఉంది. నా తొమ్మిదో ఏట నాన్న నా వేళ్లు పట్టుకుని నేర్పిన ముడి అది, బయటివాళ్లెవరూ అలా వేయరు. నాకొక్కదానికే నేర్పాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఈ తీగలు నేను వేయలేదు. అంటే తమ్ముడు ఎవరితోనూ వేయించలేదు, తనే కూర్చుని వేశాడు. వాడికి ఈ ముడి ఎవరు చెప్పారు? బిరడాలు మార్చలేదని తేలినందుకు సంతోషపడాల్సింది పోయి, కొత్త అనుమానం గుచ్చుకుంది.

"ముడి మంచిగనే ఉంది. కానీ గింత నూనెల ఏ ముడి ఆగుతదమ్మా?" అంటూ ఆయన దూదితో కడ్డీని తుడిచి నా ముఖం ముందు పట్టాడు. నల్లటి జిడ్డు.

"మా తమ్ముడే పోసుంటడు" అన్నాను.

"ఒక్కనాడు పోసింది కాదిది. నెలనెలా పోసిన్రు. పొరలు పొరలుగ మురికి పట్టింది."

తమ్ముడి మీద సాక్ష్యానికని నోటుబుక్కు తీసుకెళ్లాను కదా, నెలల మాట రాగానే పేజీలు తిప్పాను. ప్రతి నెలా మొదటి పేజీలో నా చేతిరాతే: "ఒకటో తారీఖు. కుట్టుమిషను, తలుపు గడియ, మాండలిన్. బిరడాకు రెండు చుక్కలు." నాన్న ఒకటో తారీఖున దుకాణం తెరవగానే ఒకే నూనె డబ్బాతో ఈ మూడింటికీ వేసేవాడు. ఆయన పోయాక నేను ఒక్క నెలా మానలేదు.

"నూనె ఏడ పోస్తవమ్మా?"

"బిరడా తిప్పితే తిరిగే పండ్ల చక్రానికి."

"సహీ. చక్రం ఇదీ" అని వెనకవైపు చూపించాడు. "నీ నూనె ఉన్నది ఈడ." ముందువైపు కడ్డీని చూపించాడు. మధ్యన అరంగుళం దూరం. కంటికి పొర కమ్మిన నెలలన్నీ నా రెండు చుక్కలు ఆ అరంగుళం తప్పి పడ్డాయి. పాత తీగలు తుప్పుతో కడ్డీని కరిచి ఉండబట్టి ఆగాయి. తమ్ముడి కొత్త తీగలు నున్నగా ఉండి జారాయి.

"కాయితం మీద రాసియ్యాల్నా అమ్మా?" అని అడిగాడాయన.

వద్దన్నాను.

ఆయన కడ్డీలను స్పిరిటుతో తుడిచి సుద్దపొడి రుద్దాడు. తమ్ముడు వేసిన తీగలనే మళ్లీ చుట్టే పని మాత్రం నన్నే చేయమన్నాడు. ఎనిమిది ముళ్లూ నేనే వేశాను. వెళ్లేముందు స్క్రూలు మరోసారి లెక్కపెట్టాను. పది.

శుక్రవారం ఫోన్ చేయకుండానే మాదన్నపేట వెళ్లాను. తలుపు తీసిన మరదలు నన్నూ, నా చేతిలోని పెట్టెనూ చూసింది.

"రానన్నవంట గదా వదినా?"

"అన్న. వచ్చిన. జరుగు."

తమ్ముడు తడిపంచెతో పీట మీద కూర్చుని ఉన్నాడు, తలెత్తలేదు. పూజారి వచ్చేలోపల నోటుబుక్కు తెరిచి వాడి ముందు పెట్టాను. వాడు మెల్లగా చదివి పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు.

"ఇదంత నీ రాతే గదక్కా."

"అవు. బిరడాలు మారలే. నా నూనెకే జారినయి. కన్ను కనవడక కడ్డీల మీద పోసిన."

"అంటే దొంగ దొరికింది" అన్నాడు. ముఖం మాత్రం ఇంకా ముడుచుకునే ఉంది.

"తప్పు నాదేరా. అనరాని మాట అన్న." ఆ మాట అనడానికి నాకు సోమవారం నుంచి శుక్రవారం దాకా పట్టింది. తర్వాత ఆగలేక అడిగాను. "ఆ ముడి నీకెవరు చూపించిన్రు?"

"నాన్ననే. నీ పెండ్లయి పోయినంక. అక్కకు చెప్పకురా, అలుగుతది అన్నడు. అందుకే ఆనాడు చెప్పలే."

తద్దినం రోజున తండ్రి మీద కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నాను. భోజనాలయ్యేదాకా అది తగ్గలేదు. తర్వాత మాండలిన్ తీసి నాన్న పాట మొదటి నుంచి చివరిదాకా వాయించాను. వాయిస్తున్నంతసేపూ సన్నతీగల మీదే ఒక చెవి పెట్టాను. దిగలేదు. మరదలు విస్తళ్లు తీయడానికి లేచింది.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున తమ్ముడు మా ఇంటికి వచ్చి బిరడాలకు నూనె వేస్తాడు. నేను ఎదురుగా కూర్చుని చుక్కలు లెక్కపెడతాను. పోయిన నెల ఒకదానికి మూడు వేశాడు. వేయలేదంటాడు. నేను రాసిపెట్టాను.