అక్క వేసిన ఆరని కాలవగట్టు

ముందే చెప్పేస్తున్నాను. మా ఇంట్లో నేను చెప్పినదాన్ని సగానికి కోసి నమ్మడం ఆనవాయితీ. మీరు ఇంకాస్త కోసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మా అక్క చిత్రకారిణి. రాజోలు దగ్గర కొబ్బరి వ్యాపారం చేసే బావగారి కాయల కొట్టులో ఓ మూల ఆక్రమించుకుని బొమ్మలు వేస్తుంది. వాటిలో కొబ్బరిచెట్టు ఉండదు. కోనసీమలో ఉంటూ కొబ్బరిచెట్టు వెయ్యకపోవడమంటే ఊరందరితోనూ తగువు పెట్టుకోవడమే. చూడవచ్చినవాళ్ళు మెడ సాచి, నడుం వంచి, దాదాపు తలకిందులుగా వేలాడి వెతుకుతారు.

"చెట్టేదమ్మా?"

"లేదండీ."

"కొట్టించేసేరా?"

ఆమధ్య హైదరాబాదులో ఓ ప్రదర్శనకి బొమ్మలు పంపమన్నారు. ఎంపికైతేనే గోడ మీద పెడతారు. అక్క ఏళ్ళ తరబడి కోరుకుంటున్నది అదే. కల్యాణమండపం గోడంత గుడ్డ బిగించి కాలవగట్టు మొదలుపెట్టింది. నీళ్ళు లేవు, మనుషులు లేరు, తడిసిన మట్టి రంగొక్కటే. సగంలో రంగుల్లో కలిపే అవిసెనూనె అయిపోయింది. బయట ఎడతెగని ముసురు. తెప్పించేదాకా ఆగలేక, కొట్టులోంచి అప్పుడే ఆడించిన కొబ్బరినూనె ఓ గ్లాసుడు తెచ్చి కలిపేసింది. జుట్టుకీ, దీపానికీ, తలుపు బందులకీ పనికొచ్చేది రంగుకి పనికిరాదా అనుకుంది.

పనికిరాదు. కొబ్బరినూనె కలిపిన రంగు ఆరదు. ముసురు పోయి ఎండలొచ్చినా కాలవగట్టు నిగనిగలాడుతూనే ఉంది. మలికిపురం చీమలూ, పి.గన్నవరం చీమలూ ఆ గట్టు మీదే పెళ్ళిసంబంధాలు మాట్లాడుకున్నాయి. పక్కింటి పిన్నిగారు వేలితో తాకి, "మంచి నూనేనండీ" అంటూ ఆ వేలు జడకి రాసుకుని వెళ్ళారు.

బావగారికి నవ్వాగలేదు. "చెట్టెయ్యనన్నావు కదా! చూసేవా, నూనె రూపంలో అదే వచ్చి కూర్చుంది."

అక్క వంటింట్లోంచి అట్లకాడ తెచ్చింది.

"గీకేస్తావా అక్కా? గడువు దగ్గరకొచ్చేసింది, ఉన్నదున్నట్టు పంపెయ్యి. చీమల్ని కూడా నువ్వే వేసేవనుకుంటారు."

"ఒరేయ్, చేతనైతే ఆ చివర పట్టుకో. లేదంటే వెళ్ళి అన్నం తిను."

పట్టుకున్నాను. తన పనిని తానే అంత నిర్దయగా గీకినవాళ్ళని నేను చూడలేదు. కింద రాలిన మట్టిరంగుతో గోదావరిలో ఇంకో లంక కట్టొచ్చు. గుడ్డంతా టర్పెంటైనుతో తుడిచి, అవిసెనూనె వచ్చాక మొదటి గీత నుంచి మళ్ళీ వేసింది. ఆరగానే పంపింది. ఎంపికైంది. హైదరాబాదు జనం ఆ బొమ్మ ముందు చెప్పులు విడిచి నిలబడ్డారు.

చీమల్ని నేను కాస్త పెంచి చెప్పానంతే, పుట్టించలేదు. నేను పుట్టించింది ఆ ఎంపికని. నిజానికి బొమ్మ ఎంపిక కాక అట్టపెట్టెలో తిరిగొచ్చింది. దాన్ని అక్క కంటపడకుండా ఎక్కడ దాచాలా అని బావగారూ నేనూ గుసగుసలాడుతుంటే, తనే వచ్చి తాడు కోసి, బొమ్మని గోడకి ఆనించి చాలాసేపు చూసింది.

"ఈ మూల మట్టి ఇంకా పొడిగానే ఉందిరా" అని, కొంగు దోపుకుని కుంచె తీసింది.