నాంచారయ్య నవ్వు

గిలకలదిండి హార్బరులో చేపలు కొనే నాంచారయ్యకు పళ్లున్నాయో లేవో చూసినవాళ్లు తక్కువ. సరుకు నచ్చినట్టు మొహంలో తెలిసిపోతే వేలంపాట పెరిగిపోతుందని ఆయన భయం. తళతళలాడే చేపనైనా మొప్ప ఎత్తి చూసి, ముక్కు చిట్లించి, "మెత్తబడిందిరా" అంటాడు. ఆ మొహాన్నే ఇంటికీ మోసుకొస్తాడు. ఆదివారం సాయంత్రం టీవీ కామెడీ షోలో ఒక కుర్రాడు మైకు పట్టుకుని, చేపల పులుసు మూడుసార్లు వడ్డించుకు తిని, చెయ్యి కడుక్కుంటూ "ఏవిటో, కుదర్లేదు" అనే మొగుణ్ని అచ్చు దింపేస్తుంటే, భార్య వీరలక్ష్మి మంచం మీద పడి దొర్లింది. కోడలు సాయిదుర్గ మామగారి వైపు ఓరగా చూసి చున్నీ నోట్లో కుక్కుకుంది. బావమరిది శివ మాత్రం "మగాళ్లంటే మరీ లోకువైపోయింది, కేసెయ్యాలి" అంటూ లేచాడు. నాంచారయ్య టీవీని కుళ్లిన గంపను చూసినట్టు చూసి, "ఇందులో నవ్వడానికేవుంది?" అన్నాడు.

మర్నాడు పొద్దున్న వేలంపాటలో నిగనిగలాడే పండుగప్ప మొప్ప ఎత్తి, అలవాటుగా "మెత్తబడిం..." అంటూండగా ఆ పులుసు మొగుడు గుర్తొచ్చాడు. అంతే, పొట్ట పట్టుకుని కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. "నాంచారయ్యే నవ్వాడంటే సరుకు అదిరిందన్నమాటే!" అని మిగతా బేరగాళ్లు ఎగబడ్డారు. గుడివాడ పెళ్లివారికి ఆ చేపే ఇస్తానని ముందే ఒప్పుకుని ఉన్నాడు గనక, రెట్టింపు ధరకి పాడుకోక తప్పలేదు.

"నవ్వితే రేటు పెరుగుద్దంటే విన్నారా?" అని ఇంటికొచ్చి ఎగిరాడు.

"అదేదో నిన్న మా పక్కన కూర్చున్నప్పుడే నవ్వేసుంటే పైసా ఖర్చయ్యేది కాదు గదయ్యా," అంది వీరలక్ష్మి.