అత్తమ్మ మునిగిన ఫోటో

ఆదివారం, ఎండాకాలం, వరంగల్. హాజరైనవారు: నేను, నా భార్య, మా అత్తమ్మ, మందిరం అయ్యగారు (పాస్టరు), బావమరిది దగ్గర అడిగి తెచ్చిన జూమ్ కెమెరా. (నా డైరీలో ఇలాగే ఉంది. కెమెరాను మనుషుల వరుసలో ఎందుకు చేర్చానో ఆ పేజీకే తెలియాలి.)

ఆ రోజుల్లో ఫోన్లు మాట్లాడటానికే ఉండేవి. అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరా ఉన్నవాడికి పెళ్లిళ్లలో ముందు వరుస దొరికేది. నాకప్పటికి నలభై దాటినా, కొత్త వస్తువు చేతికొస్తే మళ్లీ పదహారేళ్లే. దాంతో వచ్చిన పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివి, డైరీలో స్కేలుతో నిలువు గీత గీసి, ఒకవైపు లాభాలు, మరోవైపు నష్టాలు రాయడం మొదలుపెట్టాను. చొక్కా జేబులో పడుతుంది, రీలు ఖర్చు లేదు, తీసిన వెంటనే చూసుకోవచ్చు, జూమ్ నొక్కితే ఎదురింటి మేడ మీద ఆరబోసిన మిరపకాయల తొడిమెలు కూడా కనిపిస్తాయి. ఇవి లాభాలు. నష్టాలంటారా, బ్యాటరీలను పల్లీల్లా తింటుంది. బటన్ నొక్కాక కాసేపు ఆలోచించుకుని గానీ ఫోటో తీయదు. ఈ రెండోదాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆఫీసు ఉద్యోగం నాది, ఆలస్యం నాకు కొత్త కాదు.

ఆ కెమెరా తెచ్చింది అత్తమ్మ బాప్తిస్మం కోసం. ఆవిడకు నీళ్లంటే భయం. చిన్నప్పుడు కాలువలో జారిపడితే వాళ్లక్క దూకి బయటికి లాగిందట. అప్పటినుంచి నిండిన బకెట్‌కు కూడా కొంచెం ఎడంగా కూర్చునేది. బాప్తిస్మమంటే తొట్టిలో పూర్తిగా మునగాలి కదా, అందుకని ఏళ్ల తరబడి వాయిదా వేసింది. నెక్కొండలో ఉన్న ఆ అక్క, అంటే మా పెద్దత్తమ్మ, మోకాళ్ల నొప్పులతో రాలేనని ఫోన్ చేసి, అంతటితో ఊరుకోకుండా, "నువ్వు మునుగుడా? మెట్ల దాక పోయి వాపసొస్తవ్. ఫోటో చూస్తెనే నమ్ముత" అంది.

అత్తమ్మ ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "కొడుకా, ఈసారన్న దాని నోరు మూయించాలె. నువ్వే తియ్యాలె."

"ఫికర్ చెయ్యకు అత్తమ్మా, కెమెరా నా చేతిల ఉన్నది" అన్నాను.

ఆదివారం తొట్టి దగ్గర అత్తమ్మ అందరికన్నా చివర నిలబడింది. నాకదే మంచిదైంది, ముందువాళ్ల మీద సాధన చేయవచ్చు. ఒకాయన నీళ్లలోంచి లేవగానే నొక్కాను. తెర మీద మెట్లెక్కిపోతున్న ఆయన వీపు వచ్చింది. తరువాత ఒకామె లేవగానే నొక్కాను. ఆమె లేదు, అయ్యగారు మొహం తుడుచుకుంటున్నారు. కాబట్టి మునుగుతున్నప్పుడే నొక్కితే లేచేసరికి ఫోటో పడుతుందని తేల్చుకున్నాను. (ఆ తర్కంలో తప్పు లేదని ఇప్పటికీ నా అభిప్రాయం.)

అత్తమ్మ తెల్లచీరలో మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగింది. "అయ్యగారూ, జర నిమ్మళంగ. నన్ను ఇడవొద్దు."

"విడవనమ్మా."

"ముక్కు మీరు మూస్తరా, నేను మూస్కోవాల్నా?"

"అమ్మా, అడుగుడు అయిపోతె మునుగు" అంది గట్టు మీంచి నా భార్య.

ఈ బేరం సాగినంతసేపూ నేను బటన్ సగం నొక్కి పట్టుకుని నిలబడ్డాను. అలా పట్టుకుంటే కెమెరా ముందే సిద్ధమై, తరువాత క్షణం కూడా ఆలస్యం చేయదని పుస్తకంలో చదివిందే. కంగారులో గుర్తు రాలేదు. అత్తమ్మ మునిగింది. నొక్కాను. కెమెరా మొట్టమొదటిసారి చెప్పిన వెంటనే మాట వింది. అత్తమ్మ లేచి, జుట్టు వెనక్కి తోసుకుని, ఎన్నికల్లో గెలిచినట్టు నా వైపు చూసి నవ్వింది. మళ్లీ నొక్కాను. బ్యాటరీ అయిపోయి, లెన్సు తాబేలు తలలా లోపలికి పోయింది.

ఇంటికొచ్చి కొత్త బ్యాటరీలు వేసి చూస్తే, ఫోటోలో అయ్యగారు, నీళ్లు, ఆ నీళ్లలోంచి పైకి వచ్చి ఆయన కాలరు పట్టుకున్న ఒక చెయ్యి. అంతే.

"నేనేడున్న?" అంది అత్తమ్మ.

"నీళ్ల కింద."

"కిందున్నదాన్ని మా అక్కెట్ల నమ్ముతది కొడుకా?"

"ఇంకోపారి ముంచమందామా?" అంది నా భార్య.

"బాప్తిస్మం ఒక్కటే" అంది అత్తమ్మ చప్పున. నేను ఆ ఫోటోను నష్టాల వైపు రాసుకున్నాను.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, పొద్దున్నే ముగ్గురం రైలెక్కి నెక్కొండ వెళ్లాం. పెద్దత్తమ్మ మంచం మీద కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "మీ అయ్యగారు మంచిగున్నడు. మా చెల్లె ఏది?"

అత్తమ్మ గోడకున్న క్యాలెండర్ చదువుతోంది. నేను పరువు దక్కించుకోవడానికి జూమ్ నొక్కుతూ పోయాను. చెయ్యి పెద్దదైంది, మణికట్టు మీద పచ్చబొట్టు తేలు బయటపడింది. పెద్దత్తమ్మ తన చెయ్యి తిప్పి చూసుకుంది. అక్కడా అదే తేలు.

"తేలు సంగతి కాదు అల్లుడా, ఆ పట్టు చూడు" అందావిడ. "ఆనాడు కాలువల నా జుట్టు గిట్లనే పట్టింది. సగం ఊడొచ్చింది." కెమెరాను ఇంకా దగ్గరికి లాక్కుంది. "నవ్వుకుంట నిలబడ్డ ఫోటో తెస్తే, నెత్తి మీద చెంబెడు నీళ్లు పోసుకొని వచ్చినవంటుంటి. మునిగినవే చెల్లే." అంతలోనే, "అయ్యగారి అంగి మంచిగనే ఉన్నదా?"

"ఒక గుండీ పోయిందక్కా" అంది అత్తమ్మ, క్యాలెండర్ వదిలి.

తిరుగు రైల్లో అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుని, దారిలో వచ్చిన ప్రతి చెరువునూ ధైర్యంగా చూసింది. నేను డైరీ తీసి, ఆ ఫోటోను నష్టాల వైపు కొట్టేసి లాభాల వైపు రాశాను. ఇప్పుడు ఆ పేజీ తిప్పినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఊగే రైల్లో కొట్టివేతకు కూడా స్కేలు పెట్టాను. గీత మాత్రం వంకరగానే వచ్చింది.