అవ్వ పెట్టిన వేరు పొయ్యి

వేలూరులో నేను పనిచేసే ఆన్‌లైన్ సెంటరులో, కౌంటరు మీదికి మొన్న ఒకామె ప్లాస్టిక్ కవరు తోసింది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు బయటికి తీస్తూ ఉంటే తడి బీడీ ఆకు వాసన గుప్పుమంది. ఎండిన ఆకు వాసన వేరు, రాత్రంతా గోనెపట్టాలో నానిన ఆకు వాసన వేరు. ఈ రెండోది ముక్కుకు తగిలిందంటే నేను ఏ పనిలో ఉన్నా ఒక్క క్షణం గుడియాత్తంలో మా ఇంటి నడవలోకి వెళ్ళి వస్తాను. ఆమెకు కొడుకు నుంచి వేరు కార్డు కావాలట. "పొయ్యి వేరుగా ఉండాదా అమ్మా?" అని అడిగాను. "ఉండాది" అంది ఆమె, సీలింగు ఫ్యాను వైపు చూస్తూ. నేను కూడా ఫ్యాను వైపే చూసి ఫారం నింపడం మొదలుపెట్టాను.

మా ఇల్లు మగ్గాల వీధిలో ఉండేది. ముందు గదిలో గుంట మగ్గం, ఆ గుంటలోకి కాళ్ళు దించుకుని పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా గళ్ళ లుంగీలు నేసే మా నాయన, పక్కనే రాట్నం ముందు ఆయనకు కండెలు చుట్టే అమ్మ, నడవలో గోడకానుకుని ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుట్టే అవ్వ. అవ్వ పేరు మునెమ్మ, నాయనను కన్న తల్లి. ఆకును కొలత రేకు పెట్టి కత్తిరించి, చిటికెడు పొగాకు పరిచి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి చేటలో పడేసేదాకా ఆమె ఒక్కసారి కూడా చేతుల వైపు చూసేది కాదు. చూపంతా వీధి మీద, నోరంతా సర్కారు మీద.

చిత్తిరై నెల ఎండకు మా రేకుల కప్పు టపటపమని పేలుతూ ఉండేది, అద్దకం వాళ్ళు వదిలిన రంగునీళ్ళు కాలవలో ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారేవి. వానలు పడితే మగ్గం గుంటలో చెమ్మ ఊరి నాయన కాళ్ళు నానిపోయేవి, అవ్వ చుట్టిన బీడీలు ఆరక ఆమె నోరు ఇంకాస్త పెద్దదయ్యేది. ఆడి నెలలో గంగమ్మకు రాగి కూళు, అంటే అంబలి, పోసే రోజున మాత్రం మగ్గానికీ చేటకూ సెలవు. గిన్నెలు పట్టుకుని వీధంతా తిరిగి, కూళులోకి పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ, కాల్చిన ఎండుచేప ముక్క కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. మా ఆటవస్తువులన్నీ అగ్గిపెట్టెల లేబుళ్ళే. వాటితో ఎలక్షన్ ఆట కూడా ఆడేవాళ్ళం. లేబులు ఒక ఓటు. నేను నాయన కూతుర్ని కాబట్టి, గెలిస్తే అందరికీ తొక్కుడుబిళ్ళ బాగా ఆడటం నేర్పిస్తానని ప్రసంగం చేశాను. ఎదురింటి పిల్ల ప్రసంగం చెయ్యలేదు, చింతపండూ బెల్లమూ దంచి తలా ఒక ఉండ చేతిలో పెట్టింది. నాకు ఒక్క ఓటు వచ్చింది, అది నాదే. ఆ ఉండ చాలా బాగుండింది, నేను కూడా తిన్నాను.

ఇంట్లో పెద్దవాళ్ళ వాదనా అచ్చం ఇదే. నాయన మాటలో బలమెంతో మగ్గం చప్పుడును బట్టి చెప్పేయొచ్చు. గట్టి మాట అనేముందు, పడుగులో అటూ ఇటూ దారం మోసే నాడె ఆగిపోయేది. "మనిషికి పని ఇయ్యాల గానీ ఊరికే వస్తువు ఇస్తే సోంబేరి అయిపోతాడు. నూలు ధర తగ్గించమను, మిగతాది నేను చూసుకుంటా" అనేవాడు. అవ్వ బీడీకి దారం కడుతూనే, "నూలు ధర తగ్గితే నీకు నూలిచ్చే షావుకారి కడుపు నిండుతాది గానీ నీ కూలి పెరుగుతాదారా? వస్తువైతే నేరుగా మన గడప లోపలికి వస్తాది. దాన్ని దోవలో ఎవుడు తింటాడు?" అనేది. నాయన జవాబు వెతుక్కుంటూ నాడె విసిరేవాడు. మళ్ళీ మగ్గం ఆడిందంటే ఆ పూటకు అవ్వే గెలిచినట్టు.

గెలిచినా ఆమె ఊరుకునేది కాదు. "ఇన్నేండ్లుగా నేను చుట్టిన కట్ట కట్టకూ సర్కారు పన్ను తీసుకునింది. వాళ్ళిచ్చేది ఊరికే ఇయ్యడం కాదప్పా, తిరిగి ఇయ్యడం" అనేది. ఇంకో రోజు, "సర్కారు కొడుకు మాదిరి. పిలిస్తే పలకడు. పండక్కి కోక తెచ్చినప్పుడన్నా తీసుకోవద్దా?" అనేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు అక్కడే గుంటలో కూర్చుని వింటున్నాడన్న సంగతి ఆమెకు పట్టేది కాదు. అమ్మ మాత్రం ఏ పక్షమూ కాదు. "ఎవురన్నా రానీ, పిండి రుబ్బేది నేనే గదా" అనేది. అది ఆమె సిద్ధాంతం మొత్తం.

అందుకే ఒక ఎలక్షన్లో ఒక పార్టీవాళ్ళు రేషన్ కార్డుకు ఒక గ్రైండరు, ఒక మిక్సీ, ఒక ఫ్యాను ఇస్తామన్నప్పుడు అమ్మ మొదటిసారిగా రాట్నం ఆపి తలెత్తింది. ఓట్లయ్యాయి, వాళ్ళే గెలిచారు, వస్తువులు వస్తున్నాయని తెలిసింది. అప్పుడు అవ్వ తనకు వేరే కార్డు కావాలంది. మా వీధిలో నాలుగిళ్ళలో అత్తకొకటి, కోడలికొకటి కార్డులున్నాయి. అయితే దానికి వేరు కాపురం ఉండాలి, వేరు కాపురమంటే వేరు పొయ్యి. అధికారి వచ్చి పొయ్యిని కళ్ళారా చూసి రాసుకుంటాడు.

నాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. సర్కారును మోసం చెయ్యడం ఒకటి, తల్లిని వేరు పెట్టాడని ఊరు చెవులు కొరుక్కోవడం ఇంకొకటి. రెండిటిలో ఏది ఎక్కువ తప్పో ఆయనకే తేలలేదు. అవ్వకు గ్రైండరు మీద అంత మోజేమిటని నాకూ అర్థం కాలేదు. ఒక సాయంత్రం నా తలకు ఆముదం రాస్తూ ఆమే చెప్పింది. ఆకు ఇచ్చే ఏజెంటు పుస్తకంలో ఆమె 'మగ్గమాయన అమ్మ'. రేషన్ కార్డులో ముందు తాత కింద ఉండేది, ఇప్పుడు నాయన కింద, అమ్మ కింద. "ఒక్క కాగితంలో అన్నా నా పేరు పైన ఉండనీమ్మా" అంది. ఆ మాట నేను అమ్మకు చేరవేశాను. మర్నాడు అమ్మ కండెలు చుట్టడం మానేసింది. కండె లేనిదే నాడె నడవదు, నాడె నడవనిదే లుంగీ లేదు. రెండో రోజు మధ్యాహ్నానికి నాయన గుంటలోంచి లేచి, మట్టి తవ్వి తేవడానికి పార తీసుకుని వెళ్ళాడు.

పెరటి వసారాలో పొయ్యి లేచింది. ఒంటరి మనిషికి కార్డు ఇస్తారో లేదోనని నా పేరు కూడా అవ్వ వైపు రాయించారు. అధికారి ఇరుగుపొరుగును విచారిస్తాడేమోనన్న ముందుచూపుతో అవ్వ కుళాయి దగ్గర కొంగు కళ్ళకద్దుకుని, "నా కొడుకు నన్ను వేరు పెట్టినాడమ్మా" అని చెప్పింది. మరీ బాగా చెప్పింది. నాలుగు రోజుల్లో టీకొట్టు దగ్గర నాయన పక్కన బెంచీ ఖాళీ అవడం మొదలైంది. ఆ కబురు బస్సెక్కి పొన్నైలో ఉన్న అవ్వ తమ్ముడి దాకా పోయింది.

అధికారి వస్తానన్న పొద్దున పొయ్యిని చూస్తే నిన్న పెళ్ళయిన పిల్లలా మెరుస్తోంది, ఎక్కడా నల్లమచ్చ లేదు. ఉచితాలు వద్దని ఊరందరికీ చెప్పిన మా నాయన పాత గిన్నెల అడుగునున్న మసిని చేతులతో తీసి, మోచేతుల దాకా పూసుకుని, ఆ పొయ్యికి పట్టిస్తూ ఉండగానే మోపెడ్ ఆగింది. సన్నటి మనిషి, చంకలో ఫైలు. ఆయన వసారాలో అడుగు పెట్టాడో లేదో, వెనకాలే వేరుశనక్కాయల సంచి దబీమని కింద పడేసి పొన్నై తాత దిగాడు.

"ఏమిరా సుబ్రమణీ! కన్నతల్లికి ఇంత కూడు పెట్టలేకుండా పోతివా?"

నాయన అధికారి వైపు చూశాడు, మేనమామ వైపు చూశాడు, తన మసి చేతుల వైపు చూసుకున్నాడు. నోరు తెరిస్తే కార్డు పోతుంది, తెరవకపోతే మానం పోతుంది. తాత వీధి వీధంతా వినబడేలా తిట్టి, తిట్లు అయిపోయాక మూలనున్న గడ్డపార అందుకున్నాడు. "ఈ పొయ్యి ఉంటే గదా వేరు కాపురం!"

అప్పుడు అవ్వ లేచింది. ఒళ్ళోని చేట బోర్లాపడి పొగాకంతా నేల పాలైంది. పొయ్యికి అడ్డంగా నిలబడింది.

"దాని జోలికొస్తే తమ్ముడని చూడను! నా అత్త పెట్టింది తింటి, మొగుడు మిగిల్చింది తింటి, ఇప్పుడు కోడలు వడ్డించింది తింటా ఉండా. మునెమ్మా, నీకేం వండుకోవాలనుండాది అని ఒగరన్నా అడిగినారా? నా పొయ్యి మింద నేను వండుకుంటా. పో అవతలికి!"

మేము మూడు రోజులు సాధన చేసిన మాటల్లో ఇవి లేవు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తాత చేతిలోని గడ్డపార మెల్లగా కిందికి దిగింది. మసి చేతులు నడుముకు తుడుచుకోబోయి ఆగిపోయిన నాయన, తల్లిని కొత్తగా చూస్తున్నవాడిలా చూశాడు.

అధికారి నా వైపు తిరిగి, "పాపా, నీ ఎంగే సాప్పిడురే?" అని అడిగాడు. ఎక్కడ తింటావని. అవ్వ దగ్గర అని చెప్పాలని నాకు నూరిపోశారు. నేను భయంతో, "అమ్మ కొడితే అవ్వ దగ్గర, అవ్వ తిడితే అమ్మ దగ్గర" అనేసి, వెంటనే గుర్తొచ్చి, "ఈ పొద్దు నుంచి అవ్వ దగ్గరే" అని కలిపాను. ఆయన పొయ్యిని వేలితో తాకి ఆ నల్లటి వేలిని చూసుకున్నాడు, తర్వాత నాయన మోచేతులను చూశాడు. మూతి బిగించి నవ్వు ఆపుకుని, "పొయ్యి కొత్తదే గానీ తగువు పాతది మాదిరి ఉండాదే" అని తమిళంలో గొణిగి, "పేరు చెప్పు పాట్టీ" అంటూ అవ్వ వైపు తిరిగి ఫైలు తెరిచాడు. అవ్వ తన పేరును చెవిటివాడికి చెప్పినట్టు రెండుసార్లు చెప్పింది.

ఆ సాయంత్రం, తాతకు నాటకమంతా వివరించాక, "ఇంక ఆ పొయ్యి తీసేద్దామా?" అన్నాడు నాయన. అవ్వ దాని మీద ఎండుచేపల పులుసు ఉడికిస్తూ, "ఎందుకురా?" అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. కార్డు వచ్చిన రోజు దాన్ని నాతో చదివించుకుంది. 'కుడుంబ తలైవర్', అంటే ఇంటి పెద్ద, ఎదురుగా మునెమ్మ. ఆమెకు తమిళమూ చదవడం రాదు, తెలుగూ రాదు. పేరు ఎక్కడుందో వేలితో చూపించమని, అక్కడ తనూ వేలు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించింది. మాకు రెండు గ్రైండర్లు వచ్చాయి. అమ్మది అమ్మ వాడుకుంది. అవ్వ తనదాన్ని వీధిలో ఆడవాళ్ళకిచ్చింది. పిండి రుబ్బుకున్నవాళ్ళు ఆమెకు బీడీ ఆకులు కత్తిరించి పెట్టాలి. ఊరికే వచ్చిన వస్తువుతో సోంబేరి అవడానికి బదులు మా అవ్వ నలుగురికి పని పెట్టేసరికి, నాయన సిద్ధాంతానికి ఒక మూల కూలిపోయింది. "కరెంటు మాత్రం నా మీటరు మిందే తిరగతా ఉండాది" అని గొణిగేవాడు. మధ్యాహ్నం మాత్రం మగ్గం ఆపి, పెరట్లోకి వెళ్ళి, ఆ వేరు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పులుసన్నం తినేవాడు. చిన్నప్పటి రుచి అది. ఆయన తినేంతసేపూ సర్కారు ఊసు ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు.

తర్వాత రేషన్ షాపులో వేలిముద్ర యంత్రం పెట్టారు. అది అవ్వ వేళ్ళను గుర్తుపట్టలేదు. బొటనవేలు, చూపుడువేలు, ఎడమ, కుడి, అన్నీ పెట్టి చూసింది. "గీతలన్నీ బీడీలకే పోయినాయి, ఇంక దీనికి యాడనుంచి తెచ్చేది?" అని యంత్రాన్ని కసిరింది. అందుకని పెళ్ళయి వేలూరు వచ్చాక కూడా నా పేరు ఆమె కార్డులోనే ఉండిపోయింది. నెలకొకసారి బస్సెక్కి వెళ్ళి వేలు పెట్టి వచ్చేదాన్ని. సర్కారు లెక్క ప్రకారం నేను ఇంకా మా ఆయన ఇంట్లో అన్నం తినలేదు.

ఇప్పుడు మా వీధిలో మగ్గం చప్పుడు లేదు. గుంటలు పూడ్చి టైల్స్ వేశారు. గళ్ళ లుంగీలు పవర్‌లూమ్ మీద వస్తున్నాయి, కాలవలో నీళ్ళకు ఒకే రంగు. అగ్గిపెట్టెల లేబుళ్ళు పోగేసే పిల్లలు కనబడరు. రుబ్బురోలు బోర్లించి దాని మీద అమ్మ తులసికుండీ పెట్టింది. వేరుశనక్కాయల సంచితో దిగే తాత లేడు. మొన్న ఆడి నెలలో అవ్వ కూడా పోయింది, ముందురోజు దాకా తన వంట తనే వండుకుని.

పోయిన వారం నాయన ఒక్కడే బస్సెక్కి మా సెంటరుకు వచ్చాడు. చేతిలో అవ్వ కార్డు, మరణ ధ్రువపత్రం. పోయినవాళ్ళ పేరు తీయించకుండా బియ్యం తీసుకుంటే తప్పని ఎవరో చెప్పారట. నేను రోజుకు పదిమందికి చేసే పనే, రెండు నిమిషాలు పట్టదు. పేజీ తెరిచాను. మొదటి వరుసలో మునెమ్మ, రెండో వరుసలో నేను. పేరు తీసేయడానికి బాణం గుర్తు దాని మీదికి తెచ్చాను. నాయన కుర్చీ ముందుకు జరుపుకుని తెర వైపు చూశాడు.

"అంతేనా? నొక్కితే పోతాదా?"

"అంతే నాయనా."

మగ్గం లేదు గానీ, ఉండి ఉంటే ఆ క్షణాన ఆగి ఉండేది.

"ఈ ఒక్క నెల ఉండనీమ్మా," అన్నాడు నాయన, గొంతు తగ్గించి. "నేనెప్పుడూ సర్కారును ఏమీ అడిగింది లేదు గదా."

ఆయన వెనక వరుసలో ఆరుగురు నిలబడి ఉన్నారు. పక్క కౌంటరులో పిల్ల టకటకా కొడుతూనే ఉంది. నేను పేజీ మూసేసి, కార్డు మడిచి ఆయన జేబులో పెట్టి, అందరికీ వినబడేలా చెప్పాను.

"సర్వరు పనిచెయ్యడం లేదు నాయనా. వచ్చే నెల రా."