లాగాఫ్ బాబాయి

ఆఫీసులో ఆయన్ని అందరూ చాటుగా లాగాఫ్ బాబాయి అంటారు. వీధి చివరి భవనంలో తాళం వేసిన గదిలో ఉండే సర్వర్‌లోకి ఇక్కడినుంచి ఒకేసారి ఇద్దరే వెళ్లగలరు. వెళ్లినవాళ్లు లాగాఫ్ కొట్టకుండా విండో మూసేసి లేచిపోతే, వాళ్ల చోటు అలాగే ఉండిపోతుంది, మూడో మనిషికి దారుండదు. అందుకే ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, చెప్పులు టపటపలాడిస్తూ బల్లబల్లకీ తిరుగుతాడు. "తిన్న కంచం తీసే అలవాటే లేదా మీకు?"

ఇవాళ పన్నెండింటికల్లా ఆర్డర్లు పంపాలి. పదకొండున్నరకి మళ్లీ అదే గోల, ఇద్దరు లాగాఫ్ కొట్టకుండానే లేచిపోయారు. పళ్లు నూరుతూ, తన కంప్యూటర్ నుంచే ఆ ఇద్దర్నీ బయటికి గెంటి, తాను లోపలికి వెళ్లాడు. అక్కడితో ఊరుకుంటే ఆయన బాబాయి ఎందుకవుతాడు? అందర్నీ పిలిచి చుట్టూ నిలబెట్టాడు.

"కళ్లు పెట్టి చూడండి. ఇదిగో, ఇలా నొక్కడమే!" అని, వాళ్ల మొహాల్లోకి ఉరిమి చూస్తూనే నొక్కాడు. నొక్కింది లాగాఫ్ కాదు, షట్‌డౌన్. సర్వరే ఆగిపోయింది. ఇక ఎవరో ఒకరు వెళ్లి చేత్తో బటన్ నొక్కితే తప్ప లేవదు.

ఆయన కళ్లజోడు మెల్లగా ముక్కు మీదికి దించుకున్నాడు.

"ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుందమ్మా?"

"మీ జేబులోనే ఉంది, లాగాఫ్ బాబాయ్!"