చీటీ వేసిన ఓటు

పెళ్ళయి కృష్ణగిరికి పోయాక మా ఊరి ఓటర్ల లిస్టులోంచి నా పేరు కొట్టేశారు. అత్తగారింటి రేషన్ కార్డులోకి ఎక్కానుగా, ఇంక ఇక్కడెందుకు అనుకున్నారు. నన్నెవరూ అడగలేదు.

మాది హోసూరు దగ్గర, కెలవరపల్లి పక్కన పల్లె. ఎనభైల్లో నాయన పంచాయతీ ప్రెసిడెంటుకు నిలబడ్డాడు. గెలిస్తే హోసూరు బస్సును ఊళ్ళోకి తెప్పించాలని ఆయన పట్టు. నేను కాలేజీకి పోయినన్నాళ్ళూ మెయిన్ రోడ్డు దాకా నాతో నడుస్తూ, దారిపొడవునా నాతో వాదిస్తూ వచ్చిన మనిషి. వాన పడినా ఆ వాదన ఆగేది కాదు. కృష్ణగిరిలో బస్సు మా గుమ్మం ముందే ఆగేది. వాదించడానికే ఎవరూ లేరు.

నాయన మీద పోటీ చేసింది మా ఎదురింటాయన, వరసకు నాకు మామ. ఓట్లు లెక్కపెట్టే రోజు నేనూ హోసూరు పంచాయతీ యూనియన్ ఆఫీసుకు వచ్చాను. రెండుసార్లు లెక్కపెట్టారు. రెండుసార్లూ ఇద్దరికీ సమానమే.

"చీటీ వేస్తామమ్మా" అన్నాడు ఆఫీసరు. "చట్టం అట్లే ఉంది. ఎవురి పేరొస్తే వాళ్ళకు ఇంకో ఓటు పడినట్టు లెక్క."

"ఆ ఓటు ఎవరు వేసినట్టు?"

"ఎవురూ వేయలే. చీటీ వేసినట్టు."

"నేను ఆ ఊర్లో పుట్టి పెరిగినాను. నాకు లేదు ఓటు. ఇప్పుడు మీరు చించిన కాగితానికి ఉందా?"

మామ పకపకా నవ్వాడు. "ఏమప్పా, నీ కూతురు కృష్ణగిరికి పోయినా నోరు ఈడనే పెట్టి పోయిందే!"

"దాన్ని కూడా తీసుకుపొమ్మని అల్లుడికి చెప్పినా. బరువెక్కువని వదిలేసి పోయినాడు" అన్నాడు నాయన.

ఆఫీసరు తన టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, తుడిచి, మడిచిన రెండు చీటీలు అందులో వేసి కుదిపాడు. కళ్ళు మూసుకొని ఒకటి తీశాడు. మామ పేరు. నాయన లేచి మామ భుజం తట్టాడు. ఆ చేయి వెంటనే వెనక్కి తీసుకోలేకపోయాడు.

నన్ను కృష్ణగిరి బస్సు ఎక్కించడానికి బస్టాండు దాకా వచ్చాడు. నేను ఆపుకోలేకపోయాను.

"ఒక్క ఓటు నాయనా! నా పేరు కొట్టేయకుండా ఉండింటే నువ్వు గెలిచిందువు."

"నువ్వు నాకే వేసిందువని ఏం నమ్మకమే? పుట్టినప్పటినుంచి నా మాటకు ఒక్కదానికన్నా ఊ అన్నావా?"

జవాబు వెతుక్కునేలోపు కండక్టరు విజిల్ ఊదాడు.

ఆ జవాబు చెప్పుకోవడానికి ఇప్పుడు నాయన లేడు. ఓట్ల రోజున మా ఊరి బడి ముందు ఒక్కసారి ఆడవాళ్ళ వరసలో నిలబడాలని ఉంటుంది నాకు. పక్క వరసలో ఆయన. ముందుగా వీధిలో కొళాయి వేయించు, తక్కినవన్నీ తర్వాత అని అందరి ముందూ ఆయనతో కొట్లాడి, లోపలికి పోయి, ఆయన గుర్తు మీదే ముద్ర గుద్దేదాన్ని. బయటికి వచ్చాక ఎవరికి వేశానో మాత్రం చచ్చినా చెప్పేదాన్ని కాదు.