మూడో మెట్టు మీద చిక్కుడుకాయలు

బుధవారం పొద్దున ఆమె బజారుకు పోయి అరకిలో చిక్కుడుకాయలు తెచ్చింది. తొమ్మిదిన్నరకు ఇద్దరం చాయ్ తాగాం. పదింటికి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. పదిన్నరకు భుజం పట్టుకుని, "ఇగో, ఎడమ రెక్క గుంజుతుంది. జర ఆటో పిలువు" అంది. చెప్పులు తనే వేసుకుంది. తాళం తనే వేసింది.

మంచిర్యాల ఆసుపత్రిలో డాక్టరు ఆమె మెడ మీద వేళ్లు పెట్టి చూసి, నా వైపు తిరిగి, "ఎప్పటి నుంచి మాట్లాడడం లేదు?" అని అడిగాడు. రైల్వే గేటు దగ్గర మాట్లాడింది. "చిక్కుడుకాయలు ఫ్రిజ్‌ల పెట్టలే" అంది.

ఆమెను ఇంటికి తెచ్చాక నేను మొదట చేసిన పని ఆ సంచిని ఫ్రిజ్‌లో పెట్టడం. చుట్టాలు నన్ను వింతగా చూశారు. ఇవాళ శనివారం. నేనింకా ఆ మాట దగ్గరే ఉన్నాను.

నా భార్యను మీరు ఎరుగరు. గని కాలనీలో జాకెట్లు కుట్టేది. నేను గని ఆఫీసులో గుమస్తాను, డిగ్రీ చదివినవాణ్ణి. పన్నెండేళ్లు తాగాను. ఏమేం చేశానో ఇక్కడ రాయను. అవి చెప్పుకునే చోటు వేరే ఉంది. ఆ చోటును వెతికింది ఆమే.

ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ భర్త తాగుడు మానేశాడు. ఎట్లా మానేశాడని నా భార్య అడిగేది. ఆవిడ సిగ్గుతో మాట మార్చేది. నాలుగు నెలలు, నాలుగు జాకెట్లు. చివరికి ఒకరోజు కొలతలు ఇస్తూ, "ఆదివారం తొమ్మిదింటికి, మంచిర్యాల టేషన్ దగ్గరి బడిల" అని మాత్రం చెప్పింది. ఏ గదో చెప్పలేదు.

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని పోయింది. బడిలో ఒక గది తెరిచి ఉంది, మగవాళ్లు కూర్చుని ఉన్నారు. మేం వెనక బెంచీ మీద కూర్చున్నాం. అరగంట పాటు అందరూ పింఛను రాలేదనీ, మందుల చీటీ మీద సంతకం పెట్టడం లేదనీ మాట్లాడారు. ఆమె నా చెవి దగ్గరికి వచ్చి, "వీళ్లు తాగినోళ్ల లెక్క లేరు గదా" అంది.

ముందు బెంచీ మీది ముసలాయన వెనక్కి తిరిగాడు. "ఏ గనిల దిగిపోయిండు బిడ్డా మీ ఆయన?"

"ఇంకా దిగిపోలే తాతా."

"మరి గీ రిటైరైనోళ్ల మీటింగుల ఏం పని?"

ఆమె తల దించుకుంది. ముసలాయన మమ్మల్ని ఇద్దరినీ చూసి, గొంతు తగ్గించాడు. "మందు మానేటోళ్లది ఎనుక రూముల. నేను గూడ గాడికే పోవాలె. పింఛన్ ముచ్చట ఒడువనీ, కలిసే పోదాం."

అట్లా మొదలైంది. ఆరేళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఆ గదిలోకి రాలేదు. "నీ ముచ్చట నువ్వు చెప్పుకో. నేనింటే నీకు నోరు రాదు" అనేది. బయట మూడో మెట్టు మీద స్టీలు గిన్నె పెట్టుకుని, ఆ పూట కూరగాయలు బాగుచేసేది. తిరుగు బస్సులో లోపల ఏం జరిగిందో అడిగేది కాదు. నేను తాగక ఎన్ని రోజులైందో లెక్క చెప్పబోతే, "రేపటిది రేపు జూద్దాం. ఇయ్యాల బువ్వ తిన్నవు, సాలు" అనేది.

మా చుట్టాల్లో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి పోయిన మూడోనాడు కాటి దగ్గర పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక, దుఃఖంలో ఉన్నవాళ్ల చేతికి మందు గ్లాసు ఇస్తారు. నాలుగేళ్ల కింద జమ్మికుంటలో ఆమె తల్లి పోయినప్పుడు బావమరిది నాకూ ఇచ్చాడు. "తాగుడు గాదు బావా. నోటికి తాకిచ్చి దించు" అన్నాడు. నా భార్య తడిచేతులతో వంటింట్లోంచి వచ్చి, గ్లాసు తీసుకుని, వాకిట్లో నేల మీద పోసింది. "మా అవ్వకు సాక పోసిన. ఇగ కూసోని బువ్వ తినుండ్రి" అంది. పోయినవాళ్ల పేరున అట్లా నేల మీద సాక పోస్తే కాదనేవాళ్లు ఉండరు.

నిన్న ఆమెది మూడోనాడు. బావమరిది ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడి ఉన్నాడు. గ్లాసు నా ముందు పెట్టాడు. "ఇయ్యాల గూడ వద్దనకు బావా. అక్కనే పోయింది, ఇగ నిన్ను అడిగేటోళ్లు ఎవలు?"

నా చేయి ముందుకు పోయింది. నేను పొమ్మనలేదు. గ్లాసు పట్టుకుని వంటింటి వైపు చూశాను. తడిచేతులతో ఎవరో వస్తారని ఆగాను. ఎవరూ రాలేదు. ఆమె చనిపోయిందని నాకు తెలిసింది అప్పుడు. ఆసుపత్రిలో కాదు, కాటి దగ్గర కాదు.

లేచి వాకిట్లోకి పోయి గ్లాసు నేల మీద ఒంపాను. "మీ అక్కకు సాక" అన్నాను.

"అక్కకు వాసననే పడది గద బావా!" అన్నాడు బావమరిది. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ ఏడ్చారు. నేను రెండు బకెట్ల నీళ్లు తెచ్చి ఆ చోటు కడిగాను.

ఇవాళ ముసలాయన ఫోన్ చేశాడు. "రేపు రాకున్నా ఫికర్ లేదు బిడ్డా. ఒక్కనివి మాత్రం ఉండకు."

రేపు పొద్దున ఏడున్నర బస్సుకు చిక్కుడుకాయల సంచీ, స్టీలు గిన్నే పట్టుకుని మంచిర్యాల పోతాను. మూడో మెట్టు మీద కూర్చుని ఈనెలు తీస్తాను. ఆ పని నాకు రాదు. ఆమె చేస్తున్నప్పుడు నేను లోపల ఉండేవాణ్ణి. తొమ్మిది కాగానే గిన్నెను మెట్టు మీదే ఉంచి లోపలికి పోతాను.